వెనక వరసలో మౌనవ్రతం

ఫిబ్రవరి 5, 2017, ఆదివారం

సహకార బ్యాంకు వాళ్ళిచ్చిన డైరీ. జనవరి అంతా ఖాళీ. ఇవాళ్టి నుంచి రాస్తాను. కారణం ఉంది.

పొద్దున సౌభాగ్య బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. మా ఒక్కగానొక్క కూతురు. అక్కడ ప్రకటనల కంపెనీలో వీడియోలు కత్తిరించి అతికించే పని చేస్తుంది. ఈ పాత పేరు పెట్టినందుకు నా మీద ఇంకా కోపమే. తను సొంతంగా తీసిన చిన్న సినిమా రాయచూరులో జరిగే లఘుచిత్రాల పండుగకు ఎంపికైందట. ఈ నెల 17 నుంచి 19 దాకా. మా శక్తినగర్ కాలనీ నుంచి బస్సెక్కితే ముప్పావుగంట దూరం. సినిమా తొమ్మిది నిమిషాలు. కథ లేదు, పాట లేదు, మాట లేదు. అసలు శబ్దమే లేదట.

"పాసులు ఇప్పిస్త. గని ఒక్కటే షరతు. నువ్వు నోరు తెరవద్దు" అంది.

"నేనెప్పుడు తెరిచిన?" అన్నాను.

అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. లైను తెగిందనుకున్నాను. తెగలేదు.

సరే, సినిమా హాల్లో నేను మాట్లాడతాను. కాని ఆ అలవాటు నాది కాదు, మా అత్తమ్మది. హనుమమ్మ అంటే కాలనీలో అందరికీ తెలుసు. కృష్ణా నది అవతల తెలంగాణ ఊరి మనిషి. మామయ్య పోయాక మా దగ్గరికి వచ్చి ఇరవై ఏళ్ళు. సినిమా అంటే ప్రాణం. తెలుగు సినిమా వస్తే నాకు సెలవు. కన్నడమో హిందీయో వస్తే డ్యూటీ. తెర మీద ఎవరో ఒక మాట అంటారు. "ఏమంటుండే?" అని అత్తమ్మ అడుగుతుంది. నేను తెలుగులో చెప్తాను. రాయచూరులో ఏ హాలుకు వెళ్ళినా ఇలాంటి జంట ఒకటి కనిపిస్తుంది, అడిగేవాళ్ళొకరు, చెప్పేవాళ్ళొకరు. ఎవరూ ఏమీ అనుకోరు.

ఇదే అత్తమ్మ కూరగాయల చెన్నవ్వతో కన్నడంలో పావుగంట బేరమాడగలదు. హాల్లో దీపాలు ఆరగానే ఆ కన్నడం ఎటు పోతుందో తెలియదు.

అప్పుడప్పుడు నేను నా మాటలు కలుపుతానన్నది కూడా నిజమే. ఒక సినిమాలో అత్త కోడలి మీద అరుస్తుంటే, "పొద్దుగాల నుంచి కష్టపడ్డవు, జరసేపు పండుకో, గిన్నెలు నేను తోముత అంటుంది" అని చెప్పాను. అత్తమ్మ "ఎంత మంచి మనిషే" అని కళ్ళు ఒత్తుకుంది. ఇంటికొచ్చాక గిన్నెలు మాత్రం తోమలేదు.

సౌభాగ్యకు నాతో ఉన్న తగువంతా ఇక్కడే. తను చేసే పనేమిటో అడిగితే, "నేను చెప్పేది నువ్వు ఇనవమ్మా, నడుమల నీ కథ కలుపుతవు" అని ఆపేస్తుంది. తన పని చూడ్డానికి నన్ను పిలవడం ఇదే మొదలు. ఈసారి చెడగొడితే మళ్ళీ పిలవదు.

అందుకే తీర్మానం: 19వ తేదీ సాయంత్రం వరకు ఏ సినిమా ముందూ నోరు విప్పను. మాటలన్నీ ఈ డైరీలోకే. ఇదేమంత పని?

ఫిబ్రవరి 6, సోమవారం

సాధన మొదలు. మా ఆయన హనుమేశ్ ఇక్కడి థర్మల్ కరెంటు ప్లాంటులో టర్బైన్ సెక్షన్. ఆయన ఇంట్లో వదిలి వెళ్ళే ఫోన్లో కొత్త సిమ్ము, నెట్ ఉచితం. "మాటలు లేని సినిమా" అని వెతికితే బోలెడు వచ్చాయి.

మొదటిది: ఒకాయన సముద్రం వైపు చూస్తాడు. చివర్లో కూడా చూస్తూనే ఉంటాడు.

నేను ఒక్క మాట అనలేదు! అత్తమ్మ పడుకుని ఉంది కాబట్టి అడగలేదు. అయినా విజయం విజయమే. ఇంత తేలికైన దానికి నా కూతురు అంత భయపడింది.

ఫిబ్రవరి 7, మంగళవారం

రెండోది: రెండు ముసలి చేతులు వేరుశెనక్కాయలు ఒలుస్తుంటాయి. మొహం కనపడదు.

అత్తమ్మ లేచి వచ్చి పక్కన కూర్చుంది.

"ఎవరి చేతులే?"

కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"ఎన్ని కాయలు ఒలుస్తదే? ఎవరింట్ల పెండ్లి?"

కొంగు ఇంకాస్త కుక్కుకున్నాను. షిఫ్టు నుంచి వచ్చిన మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. మా ఇద్దరినీ, నా నోట్లో కొంగునూ చూసి, "ఎవరు పోయిన్రు?" అని మెల్లగా అడిగారు. ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఆయన ఎప్పుడూ వినలేదు.

ఫిబ్రవరి 9, గురువారం

సైగలు మాటల కిందికి రావు. ఈ సంగతి ముందే రాసి పెట్టుకోవాల్సింది.

ఇవాళ్టి సినిమాలో ఒక సీలింగ్ ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతుంది, అంతే. అత్తమ్మ ఊరుకోలేదు. వేలు తిప్పి, తర్వాత ఆపి, చేతులు రెండూ చాపి చూపించాను. ఫ్యాను ఆగిపోయింది అని. ఆవిడకు హీరో ఉరి వేసుకున్నాడని అర్థమైంది. సాయంత్రం దాకా ఏడుస్తూ పక్కింటి ఆనందమ్మకు కూడా చెప్పింది. ఆనందమ్మ వచ్చి నన్ను ఓదార్చింది.

రేపటి నుంచి సైగలు కూడా బంద్.

ఫిబ్రవరి 10, శుక్రవారం

టీవీ సీరియల్ సినిమా కాదు. కాబట్టి సీరియల్ ముందు మాట్లాడవచ్చు. నాలుగు రోజుల బాకీ ఇవాళ ఒక్క పూటలో తీర్చుకున్నాను. అత్తమ్మే "ఇగ సాలు తియ్యే" అంది.

ఫిబ్రవరి 12, ఆదివారం

సౌభాగ్య ఫోన్ చేసే రోజు.

ఆదివారం పొద్దున నేను వంటింట్లో ఒకసారి మాటలు అనుకుని చూసుకుంటాను. పైకే. కోపంగా ఒకసారి, ఎత్తిపొడుపుగా ఒకసారి, మెత్తగా ఒకసారి. ఏది బాగుంటే అది చెప్పాలని. తీరా ఫోన్ వచ్చాక తను "ఆఁ, చెప్పమ్మా, జల్దీ చెప్పు" అంటుంది. అంతే, అన్నీ పోతాయి. చివరికి "అన్నం తిన్నవా?" ఒక్కటే మిగులుతుంది.

ఇవాళ కూడా అన్నం తిన్నావా అనే అడిగాను.

అడగాల్సింది వేరే ఉంది. బొంబాయిలో పని చూసుకుంటోందని దసరాకు వచ్చినప్పుడు వాళ్ళ నాన్నకు చెప్పింది. నాకు చెప్పలేదు. ఆయన నోరు జారితే తెలిసింది. తనే చెప్తుందని నాలుగు నెలలుగా చూస్తున్నాను. నాకు ఈ సంగతి తెలుసని తనకు తెలియదు. లోపల చాలా బాధగా ఉంది. రాస్తే తగ్గుతుందంటారు, పెద్దగా తగ్గలేదు.

సాధన ఇవాళ చేయలేదు. తలనొప్పి.

ఫిబ్రవరి 14, మంగళవారం

సాధన లేదు. అత్తమ్మకు మోకాలి నొప్పి.

ఫిబ్రవరి 15, బుధవారం

లేదు. నెట్ నెమ్మదిగా ఉంది.

ఫిబ్రవరి 16, గురువారం

సౌభాగ్య వచ్చింది. జుట్టు ఇంకా కత్తిరించింది. నేను ఏమీ అనలేదు, చూశాను అంతే. "చూడకు" అంది.

"సినిమాల ఏమున్నది?" అని అడిగాను.

"ఆదివారం చూస్తవు గదా."

"ముందుగాల తెలిస్తే తయారుగ ఉంట."

"తయారుగ ఉండొద్దనే చెప్తలేను" అంది.

అన్నం తింటున్నంతసేపూ ఫోన్ చూస్తూనే ఉంది. పప్పులో ఉప్పు వేయడం మరిచానని మా ఆయన చెప్తేగాని తెలియలేదు. తను ఆ ఉప్పులేని పప్పు రెండుసార్లు వేసుకుంది.

ఫిబ్రవరి 17, శుక్రవారం. పండుగ మొదటి రోజు

స్టేషన్ రోడ్డులో కల్యాణ మంటపం. నిన్నటి పెళ్ళి పూలదండలు స్టేజీ మీద ఇంకా ఉన్నాయి, వాటి మధ్యలో తెర. నడిపించేది వాదిరాజ్ గారు, కాలేజీలో ఇంగ్లీషు చెప్తారు. సినిమా ఆరు నిమిషాలైతే దాని గురించి ఆయన పదహారు నిమిషాలు మాట్లాడతారు. ఆయనకు మాత్రం ఎవరూ షరతు పెట్టలేదు.

సౌభాగ్య ముందు వరసలో, తీసినవాళ్ళతో. నేను, అత్తమ్మ మధ్యలో. మా వెనక కల్లూరు నుంచి వచ్చిన కనకప్ప అనే రైతు, ఇద్దరు చుట్టాలతో. ఎవరో కుర్రవాడు ఈయన బర్రెను సినిమా తీశాడట. అది ఎప్పుడు వేస్తారో ఎవరూ చెప్పలేదు. అందుకని ఉదయం నుంచీ ప్రతి సినిమా మొదలవగానే ముందుకు వంగి చూస్తున్నాడు. బర్రె రాకపోతే వెనక్కి వాలుతున్నాడు.

మొదటి మూడు సినిమాలు నెగ్గాను. నిజం. కొంగు తడిసిపోయింది.

నాలుగోది పుణె నుంచి వచ్చిన ఒకాయన తీశాడు. ఒక ఆవిడ గడప మీద కూర్చుని ఉంటుంది. కూర్చునే ఉంటుంది.

"ఏమంటుందే?" అంది అత్తమ్మ.

పలకలేదు. తొడ మీద గిల్లింది.

"ఏమంటలేదు" అన్నాను. ఏమీ అనడం లేదని చెప్పడం తర్జుమా కాదు. అది సమాచారం.

"ఏమనకుంట గింతసేపు ఎట్ల కూసుంటదే? ఎవరికోసమో చూస్తుంది."

"గ్యాస్ బండ కోసం" అన్నాను.

నేను అనలేదు. అదే వచ్చింది. ఒకసారి వచ్చాక ఆగుతుందా? బండ బుక్ చేసి వారమైంది, పక్కింటికి వచ్చింది, ఈవిడకు రాలేదు, ఇంట్లో చుట్టాలు, కట్టెల పొయ్యి మీద వండితే ఆయన తినడు. ఆవిడ ఒకసారి నిట్టూర్చింది. "ఆఫీసోడు ఫోన్ ఎత్తుతలేడు" అని చెప్పాను.

వెనక నుంచి కనకప్ప నా కుర్చీ మీదికి వంగి, "ఆఖరికి ఒచ్చిందామ్మా?" అని అడిగాడు.

"ఇంక చూడాలె" అన్నాను.

సౌభాగ్యకు వినపడలేదు. వినపడలేదనే అనుకుంటున్నాను. మూడు సినిమాలు నెగ్గి ఒకటి ఓడాను. నాలుగింట మూడంటే ఫస్టు క్లాసు.

ఫిబ్రవరి 18, శనివారం. రెండో రోజు

ఇవాళ మా ఆయనకు సెలవు, వచ్చారు. ప్లాంటు పేరున్న టోపీ పెట్టుకుని వచ్చారు. వద్దన్నాను, వినలేదు. మూడో సినిమా మధ్యలో కరెంటు పోయింది. హాలు హాలంతా తిరిగి ఆయన టోపీ వైపు చూసింది. "నా చేతుల లేదు" అని లేచి చెప్పి, టోపీ తీసి జేబులో పెట్టుకున్నారు.

నా వెనక వరస నిండింది. కనకప్ప తన చుట్టాలనే కాదు, టీ బండి దగ్గర పరిచయమైన వాళ్ళను కూడా తెచ్చి కూర్చోబెట్టాడు. "ఈ యమ్మ చెప్తదిర" అని వాళ్ళతో అనడం విన్నాను.

ఇవాళ నేను మాట్లాడింది చాలా తక్కువ. మూడు సినిమాలకే. ఒకటి చెట్టు నీడ జరగడం, ఒకటి మూసిన షట్టర్లు, ఇంకోటి గోడ. అన్నిట్లోనూ ఇంటి తగువులే చెప్పాను. గోడ సినిమాకు వెనక వరసలో ఒకాయన ఏడ్చాడు, అన్నదమ్ముల పాలు పంచిన గోడ అని చెప్పినందుకు.

చివర్లో తీసినవాళ్ళతో ముచ్చట పెట్టారు. నిన్నటి గడప సినిమా పుణె ఆయన లేచి, ఇది కాలం గురించి, ఎదురుచూపు గురించి అని హిందీలో చెప్పాడు. కనకప్ప చెయ్యెత్తాడు.

"కాలం గీలం కాదు సార్. ఆమె గ్యాస్ బండ కోసం కూసున్నది. ఒచ్చిందా లేదా, గంతే చెప్పు."

ఆయనకు తెలుగు రాదు. వాదిరాజ్ గారు తర్జుమా చేశారు. పుణె ఆయన, సినిమాలో గ్యాస్ ఎక్కడా లేదన్నాడు. కనకప్ప ఒప్పుకోలేదు. "ఈ యమ్మ చెప్పింది" అని తిరిగి నన్ను చూపించాడు. హాలంతా తిరిగింది. నేను తల మీద కొంగు కప్పుకుని కుర్చీలో కిందికి జారాను. ముందు వరస నుంచి సౌభాగ్య కూడా చూసింది.

బస్సులో తను ఒక్క మాట మాట్లాడలేదు. రెండు రోజులు చూసిన మౌనం సినిమాలన్నీ దీని ముందు దండగ. కాలనీ గేటు దగ్గర దిగాక అంది.

"రేపు నువ్వు ఆఖరి వరసల కూసో. అవ్వ ముందల నాయన పక్కన కూసుంటది. ఇద్దరు పక్కపక్కన ఉండొద్దు."

"సరే."

"అది నా సినిమా అమ్మా. నాలుగు నెలల నుంచి చేస్తున్న. దాంట్ల నీ కథ కలపకు. గింతే అడుగుతున్న."

కళ్ళు తుడుచుకుని ముందు నడిచింది. అరిచినా బాగుండేది. నేనూ ఏడ్చాను, వంటింట్లో, కుక్కరు కూత వేస్తున్నప్పుడు.

ఫిబ్రవరి 19, ఆదివారం. మూడో రోజు

దొడ్డప్ప కొట్లో పెద్ద కలకండ గడ్డ కొన్నాను. నోట్లో పెట్టుకుంటే బుగ్గ ఉబ్బింది, మాట రాదు. బాగా పని చేస్తుంది.

ఆఖరి వరస. అత్తమ్మ ఎక్కడో ముందు, ఆయన పక్కన. నా పక్క కుర్చీలోకి కనకప్ప తనవాళ్ళతో వచ్చి కూర్చున్నాడు. "ముందల ఏం కనపడ్తలేదమ్మా" అన్నాడు. ముందు కూర్చుంటే కనపడనిదేమిటో నేను అడగలేదు. కలకండ ఉంది.

బర్రె సినిమా వచ్చింది. బర్రె నెమరు వేస్తుంది. కనకప్ప నిలబడి చూశాడు. నేను ఏమీ చెప్పలేదు, అతనూ అడగలేదు. దాని సంగతి అతనికే బాగా తెలుసు.

తర్వాత సౌభాగ్య సినిమా.

తెర మీద ఒక కిటికీ. అద్దం మూసి ఉంది, అద్దం మీద ప్లాంటు పొగగొట్టాల సన్నటి బూడిద. గాలి మావైపు తిరిగిన రోజుల్లో కాలనీలో అందరం కిటికీలు మూసుకుంటాం. ఆ కిటికీ నాకు తెలుసు. అద్దం వెనక ఎవరో ఒక ఆడమనిషి. ఆకుపచ్చ చీర. చేతిలో గరిటె.

"అరె, నువ్వే గదమ్మా" అన్నాడు కనకప్ప.

నేనే. పెరట్లోంచి తీసింది. అద్దం మూసి ఉంది కాబట్టి నా గొంతు బయటికి రాలేదు, నోరు మాత్రం ఆడుతోంది. ఆగకుండా ఆడుతోంది. గరిటె ఊపుతున్నాను, నడుం మీద చెయ్యి పెడుతున్నాను, మళ్ళీ ఆడుతోంది. హాల్లో ఎవరో నవ్వారు. అయితే నా కూతురు నాలుగు నెలలుగా చేస్తున్నది ఇదన్నమాట. మాట వినపడని అమ్మ.

సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత ఆ చీరను మళ్ళీ చూశాను. దసరా చీర. అది తను వెళ్ళిపోయే రోజు పొద్దున. అప్పుడు నేనేం అంటున్నానో నాకు గుర్తొచ్చింది. ఆ హాల్లో అది నాకొక్కదానికే తెలుసు.

సరిగ్గా అప్పుడే ముందు వరసల్లోంచి అత్తమ్మ గొంతు.

"ఏమే సుమంగళా, ఏమంటున్నవే ఆడ?"

పక్కన ఉంటే గుసగుసతో పోయేది. అన్ని వరసలు దాటి రావాలి కాబట్టి ఆవిడ ఊరంతా వినేలా అరిచింది. వాదిరాజ్ గారు "ష్" అన్నారు. నేను కలకండ గట్టిగా పట్టుకున్నాను.

"నిన్నేనే. ఏమంటున్నవు? నాకు ఇనపడ్తలేదు."

"హేళ్రీ అమ్మా" అని పక్క వరసలోంచి ఎవరో కన్నడంలో అన్నారు, చెప్పమని.

నేను సౌభాగ్య వైపు చూశాను. అవ్వను ఊరుకోబెడుతుందనుకున్నాను. తను అవ్వ వైపు తిరగలేదు. నా వైపు తిరిగింది. తెర వెలుతురులో మొహం కనపడింది. కోపం కాదు. నెలల తరబడి ఆ నోటిని ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, ఏమంటోందో తెలియక వదిలేసిన మనిషి మొహం. తనకూ తెలియదు. ఆ అద్దం తనకూ అడ్డమే.

కలకండ చేతిలోకి ఉమ్మేశాను. లేచి నిలబడ్డాను. అత్తమ్మకు వినపడాలిగా.

"సౌభాగ్యతోటి మాట్లాడేటందుకు అనుకొని చూసుకుంటున్న, అత్తమ్మా. ఇది కోపంగ చెప్పేది. ‘బొంబాయి సంగతి నాకెందుకు చెప్పలే? నీ నాయనకు చెప్తవు, నాకు చెప్పవా? నేనేమన్న బయటిదాన్నా?’"

తెర మీద గరిటె లేచింది.

"ఇది ఎత్తిపొడిచేది. ‘పెద్దదానివైనవ్ లే తల్లీ. మాకు చెప్పేటందుకు మేమెవరం?’"

తెర మీద నేను పొయ్యి వైపు తిరిగి చెయ్యి విసిరాను.

"ఇది పాలకు. ‘పొంగుతున్నవా, పో, నువ్వు గూడ పో.’"

హాలు నవ్వింది. పక్క వరసవాళ్ళు అడిగారని అలవాటుగా పాల ముక్క కన్నడంలో కూడా చెప్పాను. వాళ్ళూ నవ్వారు.

"ఇగ ఇది మెత్తగ. ‘నువ్వు చేసే పనేందో నాకు గూడ చెప్పు బిడ్డా. తెల్వనిదాన్నని ఇడిసిపెట్టకు. నడుమల మాట్లాడ. నోరు మూసుకొని ఇంట.’"

అప్పటికి తెర మీద నా నోరు ఎనిమిది నిమిషాలుగా ఆడుతూనే ఉంది. ఈసారి హాలు ఇంకా గట్టిగా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

తెర మీద నేను ఆగాను. కొంగుతో లోపలి నుంచి అద్దం తుడిచాను. బూడిద బయటివైపు ఉంది, పోలేదు. అద్దం దగ్గరికి మొహం పెట్టి ఇంకో మాట మొదలుపెట్టాను.

"‘పోతే పో. గని పోయేముందు...’"

తెర నల్లబడింది. సినిమా అక్కడ కత్తిరించింది. దీపాలు వెలిగాయి. నేను నిలబడే ఉన్నాను.

"పోయేముందు ఏమ్మా?" అన్నాడు కనకప్ప.

చెప్పలేదు. కూర్చున్నాను.

బహుమతి బర్రె సినిమాకు వచ్చింది. కనకప్ప స్టేజీ ఎక్కి దండ వేయించుకున్నాడు, దర్శకుడి కంటే ముందు. మా సినిమా గురించి వాదిరాజ్ గారు మాట్లాడటానికి లేచి, నా వైపు చూసి, కూర్చున్నారు. మూడు రోజుల్లో ఆయన మాట్లాడకపోవడం అదొక్కసారే.

బయట మిర్చీ బండి దగ్గర సౌభాగ్య నన్ను పట్టుకుంది.

"నా సినిమాను సత్యనాశ్ చేసినవ్."

"అవును" అన్నాను. ఇంకేమంటాను.

"మౌనం సినిమా. తొమ్మిది నిమిషాలు. ఒక్క నిమిషం గూడ మిగలనియ్యలే."

"అవును బిడ్డా."

మిర్చీలు వచ్చాయి. తను తీసుకోలేదు, ఫోనూ తీయలేదు. కాసేపు రోడ్డు వైపు చూసి, "ఆఖరి మాటేంది?" అంది.

"ఏ మాట?"

"‘పోయేముందు’ అన్నవు. నేను ఆడ కట్ చేసిన. ఎడిటింగ్ల వందసార్లు చూసిన ఆ మాటను. ఏమంటున్నవో తెల్వలే. ఏందది?"

"‘పోయేముందు నాకు నువ్వే చెప్పి పో. వేరేటోల్లు చెప్తే ఇనేటట్ల చెయ్యకు.’ గంతే."

తను ఈసారి జల్దీ చెప్పు అనలేదు. తనే చెప్పడం మొదలుపెట్టింది. బొంబాయి పని ఏప్రిల్‌లోనట. సినిమాలు కత్తిరించే గదిలో. ఒక్కో సినిమాలో ఎంత పారేస్తారో, పారేసిన దాంట్లో ఏముంటుందో, ఏది ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుందో. నాన్నకు సగమే చెప్పిందట. మిగతా సగం నాకు చెప్పింది.

నేను నడుమ మాట్లాడలేదు. నిజం, మిర్చీ బండి శివన్న సాక్షి. మిర్చీలు చల్లారిపోయాయి. అత్తమ్మ వచ్చి నాలుగూ తినేసింది.

ఫిబ్రవరి 20, సోమవారం

మధ్యాహ్నం రైలుకు సౌభాగ్య వెళ్ళింది. సినిమా మార్చిలో ధార్వాడలో వేస్తున్నారట. ఎక్కేముందు, "నువ్వు రా" అంది.

"మౌనంగనా?"

"ప్రయత్నం చెయ్యి" అంది. నవ్వు ఆపుకుంటూ కిటికీ దగ్గర కూర్చుంది.

అందుకని కొత్త తీర్మానం. ధార్వాడ వరకు ఏ తెర ముందూ నోరు విప్పను. సైగలు లేవు, సమాచారం లేదు, సీరియల్ కూడా సినిమాతో సమానమే. ఈసారి లొసుగులు లేవు. ఇవాళ్టి నుంచే.

అత్తమ్మ అప్పుడే ఏ చీర కట్టుకోవాలో చూసుకుంటోంది. "ఈసారి నీ పక్కనే కూసుంట. ఆడ అందరు కన్నడోల్లు. నాకొక్క ముక్క తెల్వదు" అంది. అని, గుమ్మంలోకి వెళ్ళి, వంకాయల్లో పుచ్చులున్నాయని చెన్నవ్వను కన్నడంలో కడిగి వదిలిపెట్టింది.

సాధనకు కూర్చున్నాను. గడియారం గోడ మీద కొట్టుకునే సినిమా. రెండు నిమిషాలు బాగానే గడిచింది. అంతలో ఫోన్ మోగింది. సౌభాగ్య. రైలు ఇంకా మంత్రాలయం రోడ్డు స్టేషను కూడా దాటి ఉండదు. ఇవాళ ఆదివారం కూడా కాదు.

వంటింట్లో ఏమీ అనుకుని చూసుకోలేదు. ఏం మాట్లాడాలో తెలియదు. అయినా ఎత్తాను.

తీర్మానం రేపటి నుంచి.